దున్నపోతు మాట్లాడినందుకు మన్నించండి

కమలాకర్ సార్ తాను చేయని తప్పులకు క్షమాపణ చెబుతారు. ఆయన గురించి తెలుసుకోవలసింది ఇంతే. మిగతాదంతా ఈ ఒక్క గుణానికి ఉదాహరణలు.

బస్సు ఆలస్యంగా వస్తే తార్నాక స్టాపులో నిలబడ్డవాళ్ళందరికీ ఆయన సారీ చెబుతారు. వాన పడితే తడిసినవాళ్ళకి చెబుతారు, పడకపోతే ఉక్కపోతతో అల్లాడేవాళ్ళకి చెబుతారు. క్రికెట్టులో మనవాళ్ళు ఓడిపోయిన మర్నాడు గోడవారగా, తలవంచుకుని కాలేజీకి వస్తారు. ఆ నడక చూస్తే ఆఖరి ఓవర్ ఆయనే వేసి వచ్చారేమో అనిపిస్తుంది.

యూనివర్సిటీలో ఆయన చెప్పేది భూగర్భశాస్త్రం. ఆయన గుణానికి ఇంతకన్నా తగిన సబ్జెక్టు దొరకదు. లోకంలో జరిగే ఏ ఘోరమైనా భూమి మీదే జరుగుతుంది కాబట్టి, బాధ్యత ఎటు తిరిగినా ఆయన డిపార్ట్‌మెంటు గుమ్మంలోకే వచ్చి ఆగుతుంది. ఎక్కడో సముద్రాల అవతల భూకంపం వచ్చిందని పొద్దున పేపర్లో చదివారంటే, మొదటి క్లాసులో పిల్లలకి ముందు సంతాపం, తర్వాత సారీ, ఆ తర్వాతే పాఠం.

ఒకసారి క్యాంటీన్లో అన్నంలో రాయి వచ్చింది. పిల్లలు కంచాలు మోగిస్తూ వంటాయన్ని చుట్టుముట్టారు. సార్ ఎటునుంచి వచ్చారో వచ్చి, వంటాయన ముందు నిలబడి పిల్లలకి చేతులు జోడించారు.

"తప్పు మాది. రాళ్ళు మా డిపార్ట్‌మెంటు."

"సార్, మీరు జర జరుగుండ్రి. మేం వంటాయన్ని అడుగుతున్నం."

"ఆయన్నేం అడుగుతరు బిడ్డా. ఆయన బియ్యం వరకే. రాయి సంగతి నన్నడుగుండ్రి. ఏది, ఇటియ్యి." సార్ ఆ రాయిని వెలుతురుకి పట్టి చూశారు. "గ్రానైటు. మనూరి రాయే. రెండొందల యాభై కోట్ల ఏండ్లది. నీ కంచం దాక రానీకి గంత టైం పట్టింది దానికి. జర మర్యాదియ్యి."

పిల్లలకి నవ్వొచ్చింది. నవ్వుతూ కంచాలు మోగించడం కష్టం. గొడవ అక్కడితో చల్లారింది.

ఆ రోజు క్యాంటీన్లో ఎం.ఏ. విద్యార్థిని వైదేహి కూడా ఉంది. ఆమెకి కమలాకర్ సార్ అంటే ఎంత గౌరవమో, నలుగురిలో ఆయన పక్కన నిలబడాలంటే అంత సిగ్గు. ఆయన చేతులు జోడించడం మొదలుపెట్టగానే ఆమె చెట్ల మీది పిట్టలనీ, గోడ మీది పోస్టర్లనీ శ్రద్ధగా చూడడం మొదలుపెట్టేది. ఈ మనిషి మనవాడు కాదు, మనం పిట్టల్ని చూడ్డానికి వచ్చాం అని లోకానికి తెలియజేసే పద్ధతి అది.

అయినా ఆమె ఆయన్ని వదల్లేదు. కారణం ఉప్పుకోట.

ఉప్పుకోట ఐదు సంపుటాల నవల. సముద్రాలు ఎండిపోయిన ఒక లోకంలో, ఉప్పుతో కట్టిన కోటను వెతుక్కుంటూ మాలి అనే పిల్ల చేసే ప్రయాణం. ఆమె ఎక్కి తిరిగేది గుర్రం కాదు, కాటుక అనే దున్నపోతు. రాక్షసులు మాట్లాడతారు, గాలి మాట్లాడుతుంది, ఒకచోట వంతెన కూడా మాట్లాడుతుంది. కాటుక మాత్రం ఐదు సంపుటాల్లో ఒక్క మాట మాట్లాడదు. ఆఖరి పేజీలో కోట కరిగిపోయి, మాలి ఒంటరిగా ఉప్పునేల మీద కూలబడితే, కాటుక నడిచి వచ్చి ఆమె పక్కన కూర్చుంటుంది. నవల అక్కడ అయిపోతుంది. ఆ పేజీ చదివి ఏడవని మనిషి క్యాంపస్‌లో ఉంటే కమలాకర్ సార్ వెళ్ళి, పుస్తకం తరఫున సారీ చెప్పి, మళ్ళీ చదవమని ఇచ్చి వచ్చేవారు.

ఆదివారం పొద్దున ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఉప్పుకోట బృందం కూడేది. సార్ పెద్ద. వైదేహి చదువు ముగిసినా మానలేదు. పీహెచ్‌డీ చేస్తూ మాణికేశ్వర్ నగర్‌లో గది తీసుకుని ఉండే భూపాల్ బృందానికి సేనాపతి. కాగితం మీద అతని పరిశోధన ఆర్థికశాస్త్రం, నిజానికి ఉప్పుకోట. సినిమా చూసి బయటికి వచ్చేవాళ్ళని గేటు దగ్గర ఆపి, అభిప్రాయాలు ఫోనులో తీసి తన చానల్లో పెట్టేవాడు. వారాసిగూడ నుంచి వచ్చే డిగ్రీ అమ్మాయి అక్షర అందరికన్నా చిన్నది. కాటుక పేరెత్తితే ఆమె కళ్ళలో నీళ్ళు సిద్ధం.

నవల నాలుగు భాగాల సినిమాగా రావడం మొదలయ్యాక సార్ పని పెరిగింది. అందరిచేతా పుస్తకం చదివించింది తానే కనుక, సినిమా బాధ్యత కూడా తనదే అని ఆయన తేల్చుకున్నారు. మొదటి భాగంలో మాలి విగ్గుకి థియేటర్ గేటు దగ్గర నిలబడి క్షమాపణ చెప్పారు. రెండో భాగంలో ఎడారి మధ్య వచ్చిన ఐటెం పాటకి చెప్పారు. మూడో భాగం బాగుంది. అందులో క్షమాపణకి ఏమీ దొరక్క, ఇంటర్వెల్ మరీ పొడుగైందని చెప్పారు.

ఇక మిగిలింది ఆఖరి భాగం.

వైదేహి అప్పటికి టీవీ సీరియళ్ళకు మాటలు రాస్తోంది. అత్త కోడల్ని ఎన్ని రకాలుగా అనుమానించవచ్చో ఆమెకి తెలిసినంతగా తార్నాకలో ఇంకెవరికీ తెలియదు. ఉప్పుకోట ఆఖరి భాగానికి మాటల్లో సాయం చేసేవాళ్ళు కావాలని కబురొచ్చినప్పుడు ఆమె ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. సినిమా బయటికి వచ్చేదాకా నోరు విప్పకూడదన్నారు. ఆమెకీ అదే నచ్చింది. పుస్తకానికి కాపలాగా లోపల ఒక మనిషి ఉండాలి కదా అనుకుంది. కాపలాకి వెళ్ళిన మనిషే కన్నం వేయడం తర్వాత సంగతి.

ఆ రోజు గదిలో అందరూ అలసిపోయి ఉన్నారు. ఆఖర్న దున్నపోతు ఊరికే వచ్చి కూర్చుంటే జనం ఈలలు ఎందుకు వేస్తారని దర్శకుడు అడిగాడు.

"వెయ్యరండి, ఏడుస్తారు," అంది వైదేహి.

"ఏడుపుకి అమ్మ సీను పెట్టాం కదమ్మా. ఇక్కడ ఈల పడాలి. కాటుక ఏదన్నా అంటే ఎలా ఉంటుంది?"

వైదేహికి ఒళ్ళు మండింది. అది ఎంత అసహ్యంగా ఉంటుందో చెవులారా వింటే ఊరుకుంటారని, గొంతు బొంగురు చేసి, బల్ల గుద్ది, "నేను మోసేవాణ్ణి కాదు... మోగించేవాణ్ణి" అంది.

గదిలో ఒక్కొక్కరే లేచి చప్పట్లు కొట్టారు. దర్శకుడు కళ్ళు తుడుచుకున్నాడు.

వెటకారానికి అన్నానండీ అని చెప్పడానికి ఆమెకి కావలసినంత వ్యవధి ఉంది. కానీ ఇన్నేళ్ళ సీరియళ్ళలో ఆమె రాసిన మాటకి ఎవరూ లేచి నిలబడలేదు. ఆ చప్పట్లు చెవులకి హాయిగా ఉన్నాయి. అవి అయిపోయాక చెబుదాం అనుకుంది. అయిపోయేసరికి ఆ మాట కాగితం మీదికి ఎక్కిపోయింది.

ఆ తర్వాత ఆమెకి నిద్ర పట్టడం మానేసింది. ఒక సాయంత్రం సార్ అద్దెకుండే మేడమీది గదికి వెళ్ళి కూర్చుంది. సార్ టీ వడకడుతున్నారు.

"సార్, ఊరికే అడుగుతున్నాను. కాటుక మాట్లాడితే ఎలా మాట్లాడుతుంది?"

"మాట్లాడదు గదమ్మా."

"అదే, ఒకవేళ మాట్లాడితే."

"మా నాయిన కాడ రెండు దున్నపోతులుండె. అవి గిట్ల మాట్లాడుంటే ఫస్టు మా నాయిన్నే తిడ్తుండె."

వైదేహి నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "ఒకవేళ ఎవరైనా మాట్లాడిస్తే, వాళ్ళని ఏం చేయాలి సార్?"

సార్ ఆమె వైపు చూశారు. వడకట్టిన టీ గ్లాసులో పోసి చేతికిచ్చారు. "చక్కెర తక్కువైనట్టున్నది. ఏమనుకోకు," అన్నారు.

చక్కెర సరిగ్గానే ఉంది. సార్‌కి అలవాటే కదా అని ఆమె పట్టించుకోలేదు.

విడుదల రోజు తార్నాక థియేటర్ ముందు కాటుక కటౌటు పెట్టారు. కుర్రాళ్ళు దానికి దండ వేసి పాలాభిషేకం చేస్తున్నారు. కమలాకర్ సార్ కటౌటు కాళ్ళ దగ్గరికి వెళ్ళి, "మీవోళ్ళ పాలు నీకే పోస్తున్నరు. ఏమనుకోకు," అని మెల్లగా చెప్పి వచ్చారు. వైదేహి మెట్రో స్తంభం మీద కూర్చున్న పావురాలను చూసింది.

అక్షర తలకి అట్టతో చేసిన కొమ్ములు పెట్టుకుని వచ్చింది. భూపాల్ మార్నింగ్ షోకి బాల్కనీ టికెట్లు తెచ్చాడు. ఆఖరి వరస కావాలని సార్ పట్టుబట్టారట. ఆఖరి వరస అంటే ప్రొజెక్టర్ కిటికీ సరిగ్గా నెత్తి మీద ఉంటుంది.

"గీడ నుంచి ఏం కనిపిస్తది సార్?" అన్నాడు భూపాల్.

"అందరు కనిపిస్తరు," అన్నారు సార్.

దీపాలు ఆరాయి. కాగితం ముక్కలు ఎగిరాయి. తెరమీద పేర్లు పడడం మొదలైంది. వైదేహి కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. ఈ హాల్లో ఆమె భయమంతా ఒక్క టైటిల్ కార్డు గురించే. మాటల సహకారం అని పడి, దాని కింద నాలుగు పేర్లలో ఆమె పేరు వస్తుంది. తీసేయమని అడిగింది. అందరి పేర్లూ వేయడం మా సంస్థ మర్యాద అన్నారు. ఆ పేరు భూపాల్ చూస్తే ఇక ఆదివారం మెట్లు లేవు, ఉప్పుకోట లేదు, అక్కా అనే పిలుపు లేదు.

సంగీతం పేరు పడింది. కూర్పు పేరు పడింది. అంతలో కమలాకర్ సార్ లేచి నిలబడి, రెండు చేతులూ నెత్తి మీదికెత్తి జోడించారు.

"ముందుగాలనే చెప్తున్న. ఏదన్న తక్కువెక్కువైతే మన్నించుండ్రి."

కిటికీలోంచి వచ్చే వెలుగుకి సార్ చేతులు అడ్డం పడ్డాయి. తెర ఈ చివర నుంచి ఆ చివరికి ఒక బ్రహ్మాండమైన నల్లటి నమస్కారం లేచింది. ఆలయ గోపురమంత నమస్కారం. దాని అంచుల నుంచి అక్కడక్కడ అక్షరాల తోకలు మాత్రం కనిపిస్తున్నాయి.

"కూసో కాకా."

"చేతులు దించు సార్, నీకు పుణ్యముంటది."

"గీ హీరో ఎవర్రా బై. ట్రైలర్ల లేడు."

భూపాల్ చొక్కా పట్టి గుంజినా సార్ కదల్లేదు. అటు కూర్చున్నవాళ్ళకి ఒకసారి, ఇటు కూర్చున్నవాళ్ళకి ఒకసారి వంగి వంగి చెబుతున్నారు. చేతులు మాత్రం దించలేదు. దర్శకుడి పేరు పడేటప్పుడు తనంత తానే కూర్చున్నారు.

వైదేహి కుర్చీలో కిందికి జారిపోయి చున్నీ ముఖం మీద కప్పుకుంది. ఇంత రభసలో తన కార్డు వచ్చిందో, రాలేదో కూడా ఆమెకి తెలియలేదు. తెలుసుకునే ఓపిక కూడా లేదు. సీట్లు చూపించే లైట్‌మేన్ నడవలోంచి టార్చి వేసి, "ఈయన ఎవరితోటి వచ్చిండు?" అని అడిగితే, ఆమె పక్కకి చూసింది. పాపం, చీకట్లో పిట్టలు కూడా లేవు.

సినిమా బాగానే సాగింది. ఉప్పుతుఫాను దృశ్యానికి భూపాల్ స్వయంగా చప్పట్లు కొట్టాడు. ఆఖర్న కోట కరిగింది. మాలి ఉప్పునేల మీద కూలబడింది. దూరం నుంచి కాటుక నడిచి వస్తోంది. హాలంతా ఊపిరి బిగబట్టింది. అక్షర రుమాలు తీసింది. కాటుక మాలి పక్కకి వచ్చింది. కూర్చోబోయి, ఆగి, తెర వైపు తిరిగి, ఒక కన్ను కొట్టి, బొంగురు గొంతుతో అంది:

"నేను మోసేవాణ్ణి కాదు... మోగించేవాణ్ణి."

హాల్లో చప్పుడు లేదు. కింద ముందు బెంచీలో ఎవరో నిదానంగా, ఎంతో బాధతో అన్నాడు:

"కాటుకా, నువ్వు గూడా షురూ చేసినవా?"

ఆ తర్వాత మొదలైంది గోల. అరుపులు, కుర్చీల మీద దెబ్బలు, ఒక మూల నుంచి గేదె కూతలు. అక్షర ఏడవలేదు. కొమ్ములు తీసి ఒడిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. అది వైదేహికి ఏడుపు కన్నా కష్టంగా ఉంది. భూపాల్ ఫోను తీసి, కెమెరా ఆన్ చేసి లేచాడు.

"దొరకాలె. గా మాట రాసినోడు నాకు దొరకాలె."

వాళ్ళు కిందికి వచ్చేసరికి కమలాకర్ సార్ అప్పటికే గేటు దగ్గర ఉన్నారు. చేతులు జోడించి, బయటికి వచ్చే ప్రతి మనిషికీ చెబుతున్నారు. "దున్నపోతు మాట్లాడినందుకు మన్నించుండ్రి. తప్పు మాదే."

కూతురి చెయ్యి పట్టుకున్న ఒకాయన ఆగాడు. "మా పాప ఐదు పుస్తకాలు సదివింది సార్. ఇప్పుడు దీనికి ఏం చెప్పాలె నేను?"

"నా పేరు చెప్పుండ్రి. నాదే తప్పని చెప్పుండ్రి."

"మీరెవరు?"

"జియాలజీ."

"జియాలజీకి దున్నపోతుతోటి ఏం పని?"

"భూమ్మీదనే నిలవడ్డది గద సార్."

ఆ పాప ఫక్కున నవ్వింది. తండ్రి ఇంకా కోపంగా ఉండాలా వద్దా అని కాసేపు ఆలోచించి వెళ్ళిపోయాడు. కానీ అందరూ అలా లేరు. కాలేజీ కుర్రాళ్ళ గుంపు ఒకటి సార్‌ని చుట్టేసింది.

"పెద్దాయనా, నువ్వేనా రాసింది?"

"నేనే అనుకో."

"అనుకునుడు గాదు. రాసినవా లేదా?"

"తిట్టేదుంటే తిట్టు బిడ్డా. పేరుతోటి ఏం పని."

వాళ్ళు తిట్టారు. సార్ తలవంచుకుని, తిరిగిచ్చిన పరీక్షపేపర్ మీద ఎర్రసిరా చూసుకునే కుర్రాడిలా, శ్రద్ధగా విన్నారు. ఒక తిట్టు అర్థం కాక మళ్ళీ చెప్పమని అడిగారు. వాడు చెప్పలేక సిగ్గుపడ్డాడు.

పది అడుగుల దూరంలో భూపాల్ ఫోను పట్టుకుని జనాన్ని ఆపుతున్నాడు. నెట్‌లో వెతికితే సినిమా మాటల రచయిత పేరు ఒక్కటే ఉంది. ఆయన అప్పటికే, ఆ డైలాగు నాది కాదు, సహకారం వాళ్ళది అని పోస్టు పెట్టి చేతులు కడుక్కున్నాడు.

"అన్నా, సహకారం పేర్లు ఎవరన్న చూసిన్రా?" భూపాల్ అడుగుతున్నాడు.

"యాడ చూసినం భయ్. సరిగ్గ గప్పుడే గా సారు చేతులు అడ్డం వెట్టిండు."

"మొత్తం పేర్లకు వెట్టిండా?"

"అరే లేదు. మ్యూజిక్ కనవడ్డది, ఎడిటింగ్ కనవడ్డది. మాటలు అని రాంగనే చేతులొచ్చినయ్. డైరెక్టర్ పేరు కాడ పోయినయ్. ఏం టైమింగ్ రా నాయినా."

వాళ్ళంతా నవ్వారు. వైదేహి నవ్వలేదు. ఆఖరి వరస కావాలని సార్ పట్టుబట్టడం ఆమెకి గుర్తొచ్చింది. సరిపోయిన చక్కెర గుర్తొచ్చింది.

అక్కణ్ణుంచి సార్ వీపు కనిపిస్తోంది. వెడల్పాటి వీపు, చెమటకి చొక్కా అతుక్కుపోయి ఉంది. ఆ రోజు క్యాంటీన్లో ఆ వీపు వెనక వంటాయన నిలబడి ఉన్నాడు. బస్సు లేటైన రోజుల్లో ఆ వీపు వెనక, జనం తిట్లకి మొహం చెల్లని డ్రైవరు స్టీరింగు పట్టుకుని కూర్చుని ఉండేవాడు. వానకీ భూకంపానికీ ఎవరూ లేకపోవచ్చు, అది చేతులకి అలవాటు తప్పకుండా చేసుకునే సాధన అయివుంటుంది. ఇన్నేళ్ళూ ఆమె ఆయన ముఖం చూసి సిగ్గుపడింది తప్ప, వీపు వెనక ఎవరున్నారో చూడలేదు. ఇవాళ చూడవలసిన పని కూడా లేదు. అక్కడున్నది తనే.

వైదేహి నడిచి వెళ్ళి సార్ పక్కన నిలబడింది. చేతులు జోడించింది.

"సార్‌ది కాదండీ తప్పు. ఆ డైలాగు నేను రాశాను."

కుర్రాళ్ళు ఆమెని చూశారు, సార్‌ని చూశారు, ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"మేడమ్‌ది ఏ డిపార్ట్‌మెంటు?" అన్నాడొకడు. గుంపు గొల్లుమంది.

"నిజంగానే. మాటల సహకారంలో నా పేరుంది. నేను వెటకారానికి అన్నాను, వాళ్ళు నిజమనుకున్నారు."

"సార్‌కన్న మంచిగ చెప్తున్నది రా."

భూపాల్ పరుగున వచ్చాడు. అతని ముఖంలో కోపం లేదు, జాలి ఉంది.

"అక్కా, నువ్వు గూడా షురూ చేసినవా?"

"భూపాల్, నా మాట విను. నేనే..."

"సరే అక్కా, నువ్వే. మొన్న మ్యాచ్ గూడా నువ్వే ఓడగొట్టినవ్. ఎండకున్నవ్, జర నీడకు రా." అతను సార్ వైపు తిరిగాడు. "చూసిన్రా సార్, మీ అలవాటు అంటిచ్చిన్రు. నేనైతే మ్యాట్నీకి మళ్ళ పోతున్న. ఈసారి పేర్లు చూసుకుంటనే కూసుంట. మీరు మాత్రం చేతులు జేబుల వెట్టుకోండ్రి."

ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగుతున్నప్పుడు కూడా వైదేహి తల ఎత్తలేదు. సార్ సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటున్నారు.

"సార్, మీకు ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు కాటుక ఎట్ల మాట్లాడ్తది అని అడిగినవ్ చూడు, గప్పుడే."

"మరి నన్ను ఒక్క మాట కూడా అనలేదు."

"ఏమనాలె? అది ఘోరమైన మాటనే అమ్మా. అట్లాంటి మాట నేను నా జన్మల వినలే. నీ మొఖం మీద అననీకి నోరు రాలే. అందుకే ఊరందరికి చెప్పుకుంటున్న."

వైదేహికి నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చి టీ పొలమారింది. సార్ పక్క టేబుల్‌వాళ్ళకి సారీ చెప్పారు.

"మ్యాట్నీకి నడువు," అన్నారు గ్లాసు పెట్టి. "భూపాల్ పక్క సీటు నాకు ఇప్పియ్యి. వానికి బుట్టెడు కోపం ఉన్నది. చేతులు జర ఎక్కువ సేపు ఎత్తాల్సొస్తది."

మ్యాట్నీకి మళ్ళీ అదే ఆఖరి వరస. భూపాల్, అతని పక్కన సార్, ఆయన పక్కన వైదేహి. అక్షర కూడా వచ్చింది, కొమ్ములు సంచిలో పెట్టుకుని. సంగీతం పేరు పడింది. కూర్పు పేరు పడింది. సార్ కుర్చీలోంచి లేవబోయారు. వైదేహి ఆయన రెండు చేతులూ పట్టుకుని ఒడిలోకి లాగింది.

"ఇడిసిపెట్టమ్మా."

"వద్దు సార్. చూడనీయండి."

తెరమీద మాటల సహకారం అని పడింది. దాని కింద నాలుగు పేర్లు. మూడోది ఇంటిపేరుతో సహా వైదేహిది. కన్నుమూసి తెరిచేంత సేపు ఉండి పోయింది. హాల్లో సగంమంది సీట్లు వెతుక్కుంటున్నారు, మిగతా సగం ఫోన్లు చూసుకుంటున్నారు. చూసినవాడు ఒక్కడే.

భూపాల్ మెల్లగా తల తిప్పాడు. అంతలో వాళ్ళిద్దరి మధ్యనుంచి, చెవులు చిల్లులు పడేలా ఒక ఈల లేచింది. కమలాకర్ సార్ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, బర్రెలు కాసిన రోజుల్లో నేర్చుకున్న ఈల వేస్తున్నారు.

"మా స్టూడెంట్ పేరు వడ్డది," అన్నారు ముందు వరసకి. "చప్పుడుకు ఏమనుకోకుండ్రి."

"అక్కా," అన్నాడు భూపాల్ ఆఖరికి. "గేటు కాడ నిజంగనే చెప్పినవా?"

"నిజంగానే."

"గా డైలాగు నువ్వే."

"నేనే."

అతను తెర వైపు తిరిగాడు. ఉప్పుతుఫాను వచ్చి పోయింది. ఈసారి చప్పట్లు కొట్టలేదు. ఇంటర్వెల్లో బయటికి వెళ్ళి, నాలుగు సమోసాలు తెచ్చి, ఒకటి వైదేహి చేతిలో పెట్టాడు. "గేటు కాడ అందరి ముంగట నవ్విన. సారీ అక్కా," అన్నాడు. తర్వాత ఆలోచించి, "డైలాగు మాత్రం దరిద్రం," అన్నాడు.

"తెలుసు," అంది వైదేహి. అక్షర తన సమోసాలో సగం తుంచి ఆమెకి ఇచ్చింది.

కోట కరిగింది. మాలి ఉప్పునేల మీద కూలబడింది. దూరం నుంచి కాటుక నడిచి వచ్చింది. కూర్చోబోయి, ఆగి, తెర వైపు తిరిగింది. అప్పుడు ఆఖరి వరసలో వైదేహి లేచి నిలబడింది. రెండు చేతులూ నెత్తి మీదికెత్తి జోడించింది. కాటుక నోరు, కొమ్ములు, కొట్టబోయే కన్ను, అన్నీ ఆ పెద్ద నీడ వెనకకి పోయాయి. బొంగురు గొంతు మాత్రం ఎక్కడినుంచో ఏదో అంది. అక్షర చెవులు మూసుకుని నవ్వుతోంది.

"కూసో మేడం," కిందినుంచి అరిచారు. "పొద్దుగాల్ల ఒకాయన, ఇప్పుడు ఈమె. ఏంది రా ఈ థియేటర్ల."

వైదేహి చేతులు దించలేదు. అటువాళ్ళకి ఒకసారి, ఇటువాళ్ళకి ఒకసారి వంగి చెబుతోంది. నడవలోంచి టార్చి వెలుగు వచ్చి పడింది.

"ఈమె ఎవరితోటి వచ్చింది?" లైట్‌మేన్ అడిగాడు.

కమలాకర్ సార్‌కి జీవితంలో మొదటిసారి నలుగురిలో సిగ్గేసింది. చుట్టూ చూశారు. చీకట్లో పిట్టలు లేవు. మెల్లగా చెయ్యెత్తి, "నాతోటే అన్నా. మా పిల్లనే," అన్నారు. ఆ తర్వాత ఆమె చున్నీ కొస పట్టి గుంజుతూ, "కూసోమ్మా, జనం సినిమా చూస్తున్నరు," అన్నారు.